వైజాగ్ టు భీమిలి వీకెండ్ హైక్: మ్యాప్ చెప్పని టైమింగ్స్

ఈ ఎపిసోడ్ చాలా రోజుల నుంచి పెండింగ్‌లో ఉంది. మీలో చాలామంది అడిగేది ఒకటే. "అన్నా, శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో ట్రైన్ ఎక్కాలి, సోమవారం పొద్దున లాగిన్ అవ్వాలి. మధ్యలో సముద్రం కావాలి, కొంచెం నడక కావాలి, గోవా బడ్జెట్ లేదు. ఏం చెయ్యాలి?" నా జవాబు ఎప్పుడూ ఒకటే: వైజాగ్ నుంచి భీమిలి దాకా ఉన్న తీరం. రాత్రి పడుకుంటే తెల్లారేసరికి వైజాగ్ స్టేషన్‌లో ఉంటారు. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి భీమిలి వైపు బస్సులుంటాయి. కుడివైపు బంగాళాఖాతం, ఎడమవైపు కొండలు. ఇంకేం కావాలి?

అయితే ఈ రూట్ గురించి నేను మాట్లాడుతుంటే మా రూమ్మేట్ పక్కనుంచి నవ్వుతాడు. ఎందుకంటే ఫస్ట్ టైమ్ అక్కడికి ప్లాన్ చేసింది నేనే, ఆ ప్లాన్ వల్ల మూడు వారాలు ఆఫీసుకి చెప్పులేసుకుని కుంటుతూ వెళ్ళింది వాడు. సో, ఆ కథ ముందు చెప్పేస్తాను. అది చెప్పకుండా "టాప్ ఫైవ్ ప్లేసెస్" అని వీడియో చేస్తే మోసం చేసినట్టే.

అప్పటికి నేను ఇంకా సాఫ్ట్‌వేర్ జాబ్‌లోనే ఉన్నాను. నలుగురం వెళ్ళాం, నవంబర్ ఆఖరి వారం. నేను ఒక ఎక్సెల్ షీట్ చేశాను, చాలా గర్వంగా. అందులో ప్రతి ప్లేస్‌కీ దూరం ఉంది, ఆటో ఖర్చు ఉంది, ఏ హోటల్లో ఏం తినాలో కూడా ఉంది. మొత్తం కిలోమీటర్లే. ఆదివారం మధ్యాహ్నం భీమిలిలో చేపల పులుసుతో గట్టిగా భోంచేసి, తాపీగా బయల్దేరి, ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగేసరికి నాలుగుంపావు అయింది. షీట్ ప్రకారం గంటన్నర నడక, ఆరుకి బయటికి, రాత్రి ట్రైన్. అంతా కరెక్ట్‌గానే ఉంది కదా?

దిబ్బల్లోకి దిగినవాళ్ళకి తెలుస్తుంది, లోపల ఎలా ఉంటుందో. వాన నీళ్ళు కోసేసిన ఎర్రటి సందులు. రెండు పక్కలా గోడల్లా మట్టి, కొన్నిచోట్ల ముప్పై మీటర్ల దాకా ఎత్తు. ఒక సందు రెండవుతుంది, ఆ రెండు నాలుగవుతాయి. ప్రతి మలుపూ "ఇక్కడ ఒక ఫొటో రా" అన్నట్టే ఉంటుంది. తీస్తూ తీస్తూ వెళ్ళాం. అయిదు దాటిందో లేదో, వెలుగు ఒక్కసారిగా డల్ అయిపోయింది. మబ్బు పట్టిందనుకున్నాను. మబ్బు కాదు, సూర్యుడు పడమటి కొండల వెనక్కి వెళ్ళిపోతున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే ఏ సందులోంచి వచ్చామో నలుగురిలో ఒక్కడికీ గుర్తు లేదు. నా ఫోన్‌లో 9 శాతం. ఒకడికి కాలి పిక్కలు పట్టేశాయి, నీళ్ళ బాటిల్ అప్పటికే ఖాళీ.

మా రూమ్మేట్ "ఉండు మామా, పైకెక్కి రోడ్డు లైట్లు కనిపిస్తాయేమో చూస్తా" అని గోడలాంటి దిబ్బ ఎక్కాడు. పైన అంచు మీద కాలు పెట్టగానే ఆ అంచు విరిగిపోయింది. అది రాయి కాదు కదా, గట్టిపడినట్టు కనిపించే ఇసుక. పది అడుగులు జారి కింద పడ్డాడు. మడమ మెలిక పడింది. వాడు అరిచిన అరుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నవ్వుకుంటూ చెప్తున్నా గానీ, ఆ నిమిషం మాత్రం వాడి కాలు విరిగిందనే అనుకున్నాను.

ఆ అరుపు విని ఒక పెద్దాయన టార్చ్ వేసుకుని వచ్చాడు. పక్కన జీడితోటలో పనిచేసే మనిషట. "ఏటి బాబూ, ఈ ఏలప్పుడు ఇక్కడేటి పని?" అన్నాడు. మేం సారీ చెప్తుంటే పట్టించుకోలేదు. రూమ్మేట్‌ని ఒక పక్క ఆయన, ఒక పక్క నేను పట్టుకుని నడిపించాం. దారిలో ఆయన చెప్పిన మాట ఒకటి: "గెడ్డ ఎటు పోతాదో అటు ఎల్లండి. సముద్రం తగులుతాది." గెడ్డ అంటే అక్కడివాళ్ళ భాషలో వాగు. దిబ్బల మధ్య చిట్టిగెడ్డ, పెద్దగెడ్డ అని రెండున్నాయి. వాన నీళ్ళు సముద్రం వైపే దిగుతాయి కాబట్టి సందు ఎటు పల్లంగా ఉందో అటు వెళ్తే తీరానికి చేరతాం. సముద్రం పక్కన నడుస్తూ రోడ్డుకి ఎక్కాం. ట్రైన్ మాత్రం వెళ్ళిపోయింది. నాలుగు టికెట్లూ గోవిందా.

ఇప్పుడు అసలు విషయం. నా షీట్‌లో తప్పెక్కడుంది? కిలోమీటర్లు కరెక్టే. నేను హైదరాబాద్ టైమ్‌లో ఆలోచించాను, అదీ తప్పు.

చూడండి, మన దేశమంతా ఒకటే గడియారం. సూర్యుడికి ఆ రూల్ లేదు. హైదరాబాద్ సుమారు 78.5 డిగ్రీల రేఖాంశం మీద ఉంది, వైజాగ్ 83.2 మీద. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. అంటే దాదాపు 19 నిమిషాల తేడా. నవంబర్ ఆఖర్లో హైదరాబాద్‌లో 5:40కి పొద్దు గూకితే వైజాగ్‌లో 5:20కే గూకుతుంది. దానికి తోడు ఈ తీరం తూర్పు వైపు తిరిగి ఉంది, వెనక కొండలున్నాయి. సముద్రంలో సూర్యాస్తమయం ఇక్కడ దొరకదు ఫ్రెండ్స్, అది గోవా, గోకర్ణ వైపు. ఇక్కడ సూర్యుడు కొండ చాటుకి ముందే వెళ్ళిపోతాడు. దిబ్బల సందుల్లో ఉంటే ఇంకా ముందే చీకటి. అంటే నేను ఆరు అనుకున్న టైమ్ నిజానికి అయిదే. గంట పోయింది.

మరి లాభం ఏంటి? పొద్దున్నే ఆ 19 నిమిషాలూ మనకే తిరిగొస్తాయి. డిసెంబర్ మధ్యలో వైజాగ్‌లో 6:20కల్లా సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు, ఎదురుగా అడ్డం ఏమీ ఉండదు. ఆ ఎండ దిబ్బల మీద ఏటవాలుగా పడినప్పుడు ఎరుపు ఎలా ఉంటుందో ఏ ఫిల్టరూ ఇవ్వలేదు. కాబట్టి ఈ తీరంలో నడక అంటే పొద్దున్నే. సాయంత్రం నడిచినా వెలుగుండగానే ముగించాలి.

అప్పటి నుంచి నేను ప్లాన్ వెనక నుంచి రాస్తాను. ఆఫీసులో రిలీజ్ డేట్ ఫిక్స్ అయితే ఏం చేస్తాం? ఆ డేట్ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తాం కదా, అదే. సాయంత్రం నడకైతే మొదట పొద్దు గూకే టైమ్ రాస్తాను. దాంట్లోంచి గంట తీసేస్తాను. అప్పటికి రోడ్డు మీద ఉండాలి. వెళ్ళడానికి, రావడానికి ఉన్న టైమ్‌ని సగం చెయ్యను. వెళ్ళడానికి మూడో వంతు, తిరిగి రావడానికి మూడో వంతు, మిగిలింది ఫొటోలకి, దారి తప్పడానికి, కూర్చోడానికి. "వెనక్కి తిరిగే టైమ్" అని ఒకటి ఫోన్‌లో అలారం పెడతాను. అలారం మోగితే ఎదురుగా ఎంత అందంగా ఉన్నా సరే, వెనక్కి. దీని మీద మా గ్యాంగ్‌లో ప్రతిసారీ గొడవే. అలారం మోగాక ఓటింగ్ లేదు అని ముందే చెప్పేస్తాను.

రెండోది ఆటుపోట్లు. చాలామంది "మన తూర్పు తీరంలో పోటు పెద్దగా ఉండదు కదా" అంటారు. నిజమే, గుజరాత్ తీరంతో పోలిస్తే ఇక్కడ తక్కువే. కానీ నడిచేవాడికి ఆ తేడా చాలు. ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి తగ్గితే తడి ఇసుక బయటపడుతుంది, అది గట్టిగా ఉంటుంది, కాలు దిగదు. పోటు వచ్చేసరికి ఆ గట్టి ఇసుకంతా నీళ్ళ కింద. మిమ్మల్ని పైనున్న పొడి ఇసుకలోకి తోసేస్తుంది. పొడి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీద కంటే రెండింతలకు పైగా శక్తి ఖర్చవుతుందని కొలిచి చెప్పారు. అంటే రోడ్డు మీద గంటకి 5 కిలోమీటర్లు నడిచే మీరు ఇక్కడ రెండున్నర నడిస్తే సంతోషించండి. అదే బీచ్, అదే దూరం. ఆటు ఉంటే ఆడుతూ పాడుతూ, పోటు ఉంటే పిక్కలు పట్టేస్తాయి.

పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే రోజుకి దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. పోయిన వారం మీ ఫ్రెండ్ ఎనిమిదింటికి వెళ్ళి తీసిన ఫొటో చూసి మీరూ ఎనిమిదింటికి వెళ్తే అక్కడ ఇసుకే ఉండకపోవచ్చు. అమావాస్యకీ, పౌర్ణమికీ తేడా ఎక్కువ: పోటు ఎక్కువ పైకి, ఆటు ఎక్కువ కిందికి. ఇంట్లో గోడ మీద అమ్మ వేలాడదీసిన క్యాలెండర్ ఉంటుంది కదా, మొదటి చెక్ అదే. కరెక్ట్ టైమ్ కోసం ఏదైనా టైడ్ యాప్‌లో విశాఖపట్నం అని కొట్టండి.

ఇంకో మాట. మ్యాప్‌లో తీరం గీత చూసి "రుషికొండ నుంచి భీమిలి దాకా బీచ్ మీదే నడిచేద్దాం" అని ప్లాన్ వేసుకునేవాళ్ళున్నారు. కుదరదు. మంగమారిపేట దాటి భీమిలి వైపు వెళ్తుంటే నేవీ వాళ్ళ ఐఎన్ఎస్ కళింగ వస్తుంది. అక్కడ బీచ్ మీద నడక లేదు, ఫొటోలు లేవు, డ్రోన్ మాట అసలు ఎత్తకండి. రోడ్డు ఎక్కి బస్సో ఆటోనో పట్టుకుని దాటాల్సిందే. అందుకే నేను దీన్ని ఒక పెద్ద నడకగా కాకుండా రెండు చిన్న నడకలుగా విడగొట్టాను.

మొదటిది శనివారం మధ్యాహ్నం. పొద్దున ట్రైన్ దిగి, రూమ్‌లో రెండు గంటలు నిద్రపోండి. ట్రైన్‌లో నిద్రపోయామని అనుకుంటాం గానీ పోలేదు. భోజనం అయ్యాక రెండుకి తొట్లకొండ. సిటీ నుంచి భీమిలి రోడ్డులో సుమారు 15 కిలోమీటర్లు. ఎత్తు 130 మీటర్ల లోపే, కానీ సముద్ర మట్టం నుంచి మొదలుపెడుతున్నారు కాబట్టి ప్రతి మీటరూ మీరే ఎక్కాలి. పైన రెండు వేల ఏళ్ళ కిందటి బౌద్ధ ఆరామం: స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదుల పునాదులు. నేవీ వాళ్ళు బేస్ కోసం సర్వే చేస్తుంటే ఇది బయటపడింది, 1988 నుంచి 1993 వరకు తవ్వారు. రోమన్ వెండి నాణేలు దొరికాయి. అంటే కింద కనిపిస్తున్న ఈ సముద్రం మీదే అప్పట్లో ఓడల వ్యాపారం నడిచింది.

నాకు అక్కడ బాగా నచ్చేది పేరు. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి కాబట్టి తొట్లకొండ. ఆ పక్క కొండ పేరు బావికొండ, అక్కడా వాన నీళ్ళు పట్టుకున్న బావులే. సముద్రం ఎదురుగా ఉన్నా తాగే చుక్క ఉండదని ఆ భిక్షువులకి తెలుసు. కొండ ఎక్కేముందు వాళ్ళు చేసిన మొదటి ప్లానింగ్ నీళ్ళే. మేం రెండు వేల ఏళ్ళ తర్వాత బీటెక్ చదివి, నలుగురికి రెండు బాటిళ్ళు పట్టుకెళ్ళాం.

నీళ్ళ లెక్క చెప్పేస్తాను. డిసెంబర్, జనవరిలో నడిచే ప్రతి గంటకీ మనిషికి అరలీటరు, పైన ఒక లీటరు ఎక్స్‌ట్రా. వైజాగ్ ఎండ మన హైదరాబాద్ ఎండలాంటిది కాదు. టెంపరేచర్ చూస్తే తక్కువే ఉంటుంది, కానీ గాల్లో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. కారుతూనే ఉంటుంది. నీళ్ళతో పాటు ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఓఆర్ఎస్ ప్యాకెట్ రెండు పెట్టుకోండి. ఏప్రిల్, మేలో ఈ నడక వద్దు. నన్నడిగితే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి.

కొండ దిగితే మంగమారిపేట. అక్కడ బీచ్ మీద సహజంగా ఏర్పడిన రాతి తోరణం ఉంది. ఆటు సమయంలో అయితే చుట్టూ ఇసుక మీద నిలబడి చూడొచ్చు. దాని మీదికి ఎక్కకండి, ప్లీజ్. అది తిరుమల శిలాతోరణం లాగా కంచె వేసి లేదు, అంతే తేడా. అయిదుకల్లా రోడ్డు మీదికి వచ్చెయ్యండి, రాత్రికి రుషికొండ దగ్గరో భీమిలిలోనో రూమ్.

రెండోది ఆదివారం పొద్దున, ఎర్రమట్టి దిబ్బలు. భీమిలికి నాలుగైదు కిలోమీటర్ల ముందు. ఆటో ముందు రోజే మాట్లాడుకోండి, ఎందుకంటే సూర్యుడు వచ్చేసరికి మీరు అక్కడ ఉండాలి. ఈ ఎర్ర ఇసుక వేల ఏళ్ళ కిందట సముద్రం, గాలి, వాగులు తెచ్చి పోసింది. ఇసుక రేణువుల్లోని ఇనుము తుప్పు పట్టి ఎర్రగా మారింది. మన ఇంటి గేటుకి పట్టే తుప్పు లాంటిదే, ఇక్కడ కిలోమీటర్ల మేర. ఇలాంటివి దక్షిణాసియాలో ఇక్కడా, తమిళనాడులో, శ్రీలంకలోనే ఉన్నాయి. జియలాజికల్ సర్వే వాళ్ళు దీన్ని భూవారసత్వ స్థలంగా ప్రకటించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా వెళ్ళింది. అంత చరిత్ర ఉన్న గోడని మా రూమ్మేట్ ఒక్క కాలుతో పది అడుగులు కిందికి తెచ్చాడు. వాడి దెబ్బ మూడు వారాల్లో మానింది, ఆ అంచు మాత్రం మళ్ళీ లేవదు. సో, సందుల్లో అడుగున నడవండి, అంచుల మీద వద్దు. రీల్ కోసం పైనుంచి జారడం అస్సలు వద్దు.

దారి తప్పకుండా ఏం చెయ్యాలంటే, లోపలికి వెళ్ళేముందు ఆ ఏరియా మ్యాప్ ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. మీరు దిగిన చోట పిన్ పెట్టండి. కానీ సన్నటి సందుల్లో ఆకాశం కొంచెమే కనిపిస్తుంది కాబట్టి చుక్క అటూ ఇటూ గెంతుతుంది, గుడ్డిగా నమ్మొద్దు. ప్రతి చీలిక దగ్గరా ఆగి వెనక్కి తిరిగి ఒక ఫొటో తియ్యండి. వచ్చేటప్పుడు కనిపించేది వెళ్ళేటప్పటి వ్యూ కాదు కదా, అందుకే వెనక్కి తిరిగి. ఇంక ఏమీ తోచకపోతే పెద్దాయన మాట: గెడ్డ వెంబడి, పల్లం వైపు.

తొమ్మిదికల్లా బయటపడి, ఎండ ముదరకముందే భీమిలి వెళ్ళండి. టిఫిన్, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, పాత లైట్‌హౌస్, డచ్ వాళ్ళ సమాధులు. ఇది నడక కాదు, షికారు. తాపీగా చూడండి. మధ్యాహ్నం మూడుకల్లా సిటీకి తిరుగు ప్రయాణం.

సముద్రంలో దిగడం గురించి సీరియస్‌గా ఒక్క నిమిషం. వైజాగ్ బీచుల్లో స్టూడెంట్స్ కొట్టుకుపోయారనే వార్త మనం తరచూ చదువుతూనే ఉన్నాం. ఈత రాకే అనుకుంటాం, చాలాసార్లు అది కాదు. ఈ తీరం కొన్నిచోట్ల సడన్‌గా లోతు అవుతుంది. ఒడ్డుకి వచ్చిన నీళ్ళు తిరిగి వెళ్ళడానికి ఒక సన్నటి దారి చేసుకుంటాయి, దాన్నే రిప్ కరెంట్ అంటారు. విచిత్రం ఏంటంటే అక్కడ అలలు తక్కువగా, నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తాయి. మనం సేఫ్ అనుకుని అక్కడే దిగుతాం. లాగేస్తుంటే ఒడ్డు వైపు ఈదకండి, దానితో పోటీపడి ఎవరూ గెలవరు. తేలుతూ, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి. దారి సన్నంగానే ఉంటుంది కాబట్టి బయటపడతారు. దిగాలనుంటే రుషికొండలో, లైఫ్‌గార్డులు ఉన్నచోట, ఉన్న టైమ్‌లో, మోకాళ్ళ దాకా. అంతే. మా గ్యాంగ్‌లో నడక రోజు నీళ్ళలో దిగడం లేదు.

వెళ్ళే ముందు రోజు రెండు చెక్‌లు. ఒకటి వాతావరణ శాఖ. అక్టోబర్, నవంబర్ తుపాన్ల టైమ్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ సరిగ్గా వైజాగ్ మీదే తీరం దాటింది. రెండోది ఇన్‌కాయిస్. సముద్రం సంగతి చెప్పే ఈ కేంద్ర సంస్థ ఉన్నది ఎక్కడో తెలుసా? సముద్రం లేని మన హైదరాబాద్‌లో, ప్రగతినగర్ దగ్గర. అలల ఎత్తు, అలర్ట్‌లు అన్నీ వాళ్ళ సైట్‌లో ఫ్రీగా ఉంటాయి. హై వేవ్ అలర్ట్ ఉంటే బీచ్ పక్కనపెట్టి తొట్లకొండతో సరిపెట్టుకోండి.

బ్యాగ్‌లో ఏముండాలో పెద్ద లిస్ట్ ఏమీ లేదు: నీళ్ళు, టోపీ, చిన్న టార్చ్, పవర్ బ్యాంక్, క్రేప్ బ్యాండేజ్. టార్చ్ అంటే టార్చే, ఫోన్ లైట్ కాదు. ఎండలో స్క్రీన్ ఫుల్ బ్రైట్‌నెస్‌లో పెట్టి వీడియోలు తీస్తే సాయంత్రానికి ఫోన్ ఏ స్థితిలో ఉంటుందో నాకు బాగా తెలుసు. 112 ఎమర్జెన్సీకి, 1554 కోస్ట్ గార్డ్‌కి. సేవ్ చేసుకోండి.

ఆఖరిది. మీతో రాని ఒక మనిషికి ప్లాన్ పంపండి. "ట్రిప్‌కి వెళ్తున్నా" అని కాదు, టైమ్‌తో పంపాలి. ఆ రోజు మేం దిబ్బల్లో ఉన్నామని భూమ్మీద ఎవరికీ తెలియదు, ఆ పెద్దాయన విని ఉండకపోతే రాత్రంతా ఎవరూ వెతికేవాళ్ళు కాదు. ఇప్పుడు నేను ఎక్కడికెళ్ళినా మా అక్కకి ఇలా ఒక మెసేజ్ పెడతాను: "అక్కా, ఎర్రమట్టి దిబ్బలు, నలుగురం. 6:15కి లోపలికి, 9కి రోడ్డు మీద. 9:30 దాకా ఫోన్ రాకపోతే నువ్వు చెయ్యి, 10 దాటితే 112కి చెప్పు." మొదటిసారి చూసి "ఏంట్రా ఇది, యుద్ధానికి పోతున్నావా" అంది. ఇప్పుడు 9:31కి తనే కాల్ చేసేస్తుంది.